ఎవరి కుడి?

"ముక్కు పగిలిన పడవే గుద్దిన పడవ. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఏముంది?"

పడవల షెడ్డులో మేం అడుగు పెట్టీ పెట్టకముందే చెవిన పడ్డ మాట అది. అన్నవాడు బీమా కంపెనీ డిటెక్టివ్. ఎంత ఉక్కపోసినా ఒంటిమీది కోటు తియ్యడు కాబట్టి మా అక్కా నేనూ ఆయనకి 'కోటు' అని పేరు పెట్టుకున్నాం. మా అక్కది చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ. డిటెక్టివ్ ఆవిడ, ఫొటోలు తీసి తిట్లు తినేది నేను. ఏ కేసుకి వెళ్ళినా ఈ కోటు మాకంటే ముందే దిగి, పోలీసుల చెవిలో ఊదాల్సింది ఊదేసి, తీరిగ్గా నవ్వుతూ ఉంటాడు. ఇవాళ ఎడమచెయ్యి కోటు జేబులో దోపుకుని మరీ నవ్వుతున్నాడు, ఈ షెడ్డంతా వాళ్ళ తాతగారిదన్నట్టు.

షెడ్డు మధ్యలో రెండు తెరచాప పడవలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకదానికి ముక్కు పగిలింది. రెండోదానికి కుడిపక్క చెక్కలు లోపలికి విరిగాయి.

నిన్న పొద్దున పొగమంచులో ఈ రెండూ ఢీకొన్నాయి. పక్క విరిగిన పడవ కెప్టెన్‌ది. ఆయన జన్మలో ఏ ఓడకీ కెప్టెన్ కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ క్లబ్బు పెట్టి పిల్లలకి తెరచాప నేర్పుతున్నాడు, వాళ్ళు పెట్టిన పేరు అది. ముక్కు పగిలిన పడవ ఆయన మేనకోడలిది. క్లబ్బు తెరచాపలన్నీ ఆమే కుడుతుంది కనుక అందరూ ఆమెని 'సూది' అంటారు. మధ్యాహ్నానికి కెప్టెన్ శవం రాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చింది, తల వెనక గాయంతో.

"మేనమామని కావాలనే గుద్ది చంపింది. క్లబ్బు ఆమె పేరునే రాసిపెట్టాడట, ఇంకేం కావాలి?" అని కోటు పక్కనున్న ఎస్సైని చూశాడు. "రోడ్డయినా నీళ్ళయినా న్యాయం ఒకటే. పక్కనుంచి వచ్చి గుద్దినవాళ్ళదే తప్పు."

"ముక్కు పగిలినవాళ్ళంతా దోషులైతే మా తమ్ముణ్ణి చిన్నప్పుడే ఉరి తియ్యాల్సింది," అంది అక్క. "మీరు ఎప్పుడొచ్చారు ఈ ఊరికి?"

"నిన్న రాత్రి బస్సుకి. కంపెనీ ఫోన్ చేస్తే. ఎందుకూ?"

"ఊరికే. మాకంటే ముందున్నారని కుళ్ళు."

ఎస్సై మంచివాడే. నిద్రలేని కళ్ళతో నిలబడి చేతిలోని బేడీలని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "పదకొండింటికి జీపొస్తుంది మేడమ్. అప్పటిదాకా ఆ అమ్మాయితో మాట్లాడుకోండి. తర్వాత నా చేతిలో ఏం లేదు," అన్నాడు. కోటు కుడిచేత్తో జేబురుమాలు తీసి, దాంతోనే ముఖం తుడుచుకుని, దాన్ని మళ్ళీ ఆ చేత్తోనే నానా తంటాలూ పడి మడత పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం బయటికి రాలేదు. హోదా ఎంత గట్టిదైతే మాత్రం ఇంత కష్టపడాలా అనుకున్నాను.

*

సూది పై గదిలో ఉంది. గదినిండా పరిచిన తెల్లటి తెరచాప మధ్యలో కూర్చుని, అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, లావుపాటి సూదితో చిరుగు కుడుతోంది. అరెస్టు కాబోయే మనిషి చెయ్యాల్సిన పనేనా అది! తలెత్తి మమ్మల్ని చూసి, కుట్టు ఆపలేదు.

"ఇది రేపు ఇస్తానని మాటిచ్చాను," అంది.

"ఏడ్చావా?" అడిగింది అక్క, ఎదురుగా చతికిలబడుతూ.

"టైం దొరకలేదక్కా. నిన్నట్నుంచి అందరూ ప్రశ్నలే వేస్తున్నారు."

"నేను కొత్త ప్రశ్న వేస్తాను. నీళ్ళ మీద గీతల్లేవు, సిగ్నల్ లైట్లు లేవు. రెండు పడవలు అడ్డంగా ఒకదానికొకటి ఎదురైతే ఎవరు తప్పుకోవాలి?"

సూది కుట్టు ఆపింది. ఈ ప్రశ్న నిన్నటినుంచి ఎవరూ అడగలేదని ఆమె ముఖమే చెప్పింది.

"గాలి చెప్తుందక్కా," అని రెండు చేతులూ పడవల్లా చాపి చూపించింది. "గాలి ఎవరికి కుడిపక్కనుంచి తగులుతుందో దారి వాళ్ళది. ఎడమపక్కనుంచి తగిలేవాళ్ళు తప్పుకోవాలి. అక్కడ పెద్దాచిన్నా లేదు, మావయ్యా మేనకోడలూ లేదు. నిన్న గాలి నాకు కుడిపక్కనుంది. ఆయనకి ఎడమపక్క. దారి నాది. అందుకే 'కుడి!' అని అరిచాను."

"కుడికి తిప్పమనా?"

"కాదక్కా! మా దగ్గర ఆ మాటకి ఒకటే అర్థం. 'గాలి నాకు కుడిపక్కనుంది, దారి నాది, నువ్వు తప్పుకో' అని. అంత పెద్ద మాట అరిచేసరికి పడవలు గుద్దుకుంటాయని మావయ్యే దాన్ని పొట్టి చేశాడు. గాలి ఎడమపక్కన పెట్టుకుని అబద్ధంగా 'కుడి' అని అరిచినవాడు మళ్ళీ తన పడవ ఎక్కకూడదనేవాడు. నేనెప్పుడూ..." అరచేతి తోలుపట్టీ సర్దుకుని, మళ్ళీ చెప్పింది. "మంచులో పసుపు రెయిన్‌కోటు కనిపించింది. మావయ్యదే. టోపీ ముఖం మీదికి లాక్కుని ఉన్నాడు. నేను 'కుడి!' అన్నాను. మళ్ళీ అన్నాను. అప్పుడు అవతల్నుంచి, 'ఎవరి కుడి? నీదా, నాదా?' అని వినిపించింది. గాలికి గొంతు చీలిపోయి వచ్చింది. వేళాకోళమాడుతున్నాడనుకున్నా. అంతలోనే సర్రున కుడికి తిప్పేశాడు, సరిగ్గా నా ముక్కు కిందికి."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"ఎస్సైగారికి చెప్పా. నవ్వి, రాసుకోలేదు."

నాకూ నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ. అక్కకి రాలేదు. మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. ఆవిడ మెడ నరం అలా కొట్టుకుంటే ఎవరికో మూడిందని నాకు తెలుసు.

"అంత దగ్గరికి వచ్చాక మీ మావయ్యయితే ఎటు తిప్పేవాడు?"

"ఎడమకి, గాలికి ఎదురుగా. తెరచాపలో గాలి పోయి పడవ అక్కడికక్కడే నిలబడిపోతుంది. కుడికి తిప్పితే తెర నిండిపోయి ఇంకా ఉరుకుతుంది. ఇది మొదటివారం పిల్లలకి తెలిసే సంగతక్కా."

"మరి ముప్పై ఏళ్ళ మాస్టారికి తెలీదా? ఆ మాట పుట్టించినవాడే ఆ మాటకి అర్థం అడుగుతాడా?" అక్క ఆ పిల్ల భుజాలు రెండూ పట్టుకుంది. "ఆ పడవ నడిపింది మీ మావయ్య కాదు. ఆయన రెయిన్‌కోటు తొడుక్కున్న ఇంకొకడు. పడవ ఎలా తిప్పాలో తెలుసు, మీ క్లబ్బు మాట తెలీదు. 'కుడి' అని వినపడగానే వాడికి కుడికి తిప్పమన్నట్టు వినిపించింది!"

సూది అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అంటే... నేను గుద్దింది మావయ్యని కాదా?"

"కాదు. అప్పటికే ఆయన్ని వాడు నీళ్ళలో వదిలేశాడు. నీ పడవ తగిలాక మంచులో ఈదుకుంటూ పారిపోయాడు."

అప్పుడు ఏడ్చింది. టైం దొరికింది పాపం. నిన్నటినుంచి ఆ పిల్లని తినేస్తున్నది బేడీల భయం కాదని నాకప్పుడు అర్థమైంది. నా కళ్ళు కూడా మండాయి, మంచు పడదు నాకు.

ముక్కు తుడుచుకోనిచ్చి అక్క మళ్ళీ అడిగింది. "ఈ మధ్య మీ మావయ్య ఎవరి మీదైనా కోపంగా ఉన్నాడా?"

"పోయినవారం రిపేరుకి ఒక తెరచాప వచ్చింది. మూలలో నా కుట్టు. నా కుట్టు నాకు తెలీదా? అది కిందటేడు మునిగిపోయిందని బీమా డబ్బు తీసుకున్న పడవది. పడవకి కొత్త రంగేసి పక్క ఊళ్ళో తిప్పుతున్నారట. మావయ్యకి చూపించా. 'ఎవరికీ చెప్పకు, అది మునిగిందని సంతకం పెట్టిన మనిషిని పిలిచి మర్యాదగా అడుగుతా' అన్నాడు. ఎవరో చెప్పలేదు."

అక్క నావైపు చూసింది. నాకేమీ తట్టలేదు. నాకు తట్టదని ఆవిడకీ తెలుసు, అలవాటుకొద్దీ చూసింది.

*

కిందికొచ్చి అక్క కెప్టెన్ పడవని తడిమి తడిమి చూసింది. తెరచాప అడుగున ఉండే పొడుగాటి అడ్డకర్ర కుడిపక్కకి విరిగి ఉంది. దాని మీద సూది పడవ నీలం రంగు గీసుకుపోయింది.

"కర్ర కుడిపక్కకి ఉందంటే గాలి ఎడమనుంచి వచ్చినట్టేగా ఎస్సైగారూ? తప్పుకోవాల్సింది ఈ పడవే," అంది. "గాలి ఎటుంటే నడిపేవాడు అటు కూర్చుంటాడు. అంటే ఎడమపక్క, ముఖం కుడివైపు పెట్టి. ఆ అమ్మాయి పడవ వచ్చింది ముందునుంచి. గాయం తల వెనకెలా అయింది?"

ఎస్సై చేతిలో బేడీల చప్పుడు ఆగింది.

అక్క తెరచాపని లాగిపట్టే తాడుని వేళ్ళతో నిమురుకుంటూ పోయి కప్పీ దగ్గర ఆగింది. తాడు చివరి ముడి వెళ్ళి కప్పీలో మేకు కొట్టినట్టు ఇరుక్కుపోయింది. నేను లాగితే రాలేదు.

"నడిపేవాడి కుడిచెయ్యి చుక్కాని మీద ఉంటుంది, ఎడమచేతిలో ఈ తాడు. పడవ కుడికి తిరిగేసరికి తెరలో గాలి నిండి తాడు చివరిదాకా గుంజుకుపోయింది. చేతిలోంచి అంత వేగంగా తాడు జారితే ఏమవుతుంది?"

"తోలు ఊడుతుంది," అన్నాన్నేను. చిన్నప్పుడు బావిలో చేద వదిలేసిన పాపం నాకుంది.

"కెప్టెన్‌గారి చేతులు చూశారా ఎస్సైగారూ?"

"చూశా మేడమ్. కాయలు కాచిన చేతులు. కొత్త దెబ్బ ఒక్కటీ లేదు."

అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కోటు పెద్దగా నవ్వాడు. "తాళ్ళూ ముళ్ళూ! పడవ ఎక్కని వాళ్ళు ఇలాగే చెప్తారు. నేను రెండు వేసవులు పడవ నేర్చుకున్నానమ్మా. తలుచుకుంటే ఆ పిల్లే కావాలని గుద్దిందని నీళ్ళ మీద చేసి చూపిస్తాను."

"అబ్బే, కోటు తడుస్తుందండీ మీకు. మీవల్ల ఎక్కడవుతుంది!" అంది అక్క.

ఆ ఒక్క మాట చాలింది. కోటు చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకునే రకం. "పదండి. ఇప్పుడే," అన్నాడు.

ఎస్సై నసిగాడు. క్లబ్బు పడవలు రెండు తీసి, ఒకదాంట్లో సూదిని ఎదురు పంపాలనేసరికి ఇంకా నసిగాడు. "పారిపోతే?"

"ఆ బేడీలు నాకు వెయ్యండి," అని అక్క చేతులు చాపింది. ఎస్సై చూపు తిప్పుకుని, సరేనన్నట్టు తలూపాడు. అక్క నా దగ్గరికొచ్చి చెవిలో, "పెద్ద లెన్సు పెట్టు. ఆయన ఎడమచెయ్యి కనపడగానే ఫొటో తీసెయ్. నోరెళ్ళబెట్టుకుని చూస్తూ ఉండకు," అని గొణిగి వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. పొద్దున్నుంచీ ఆ జేబులోంచి బయటికి రాని చెయ్యి! ఆపుదామని నోరు తెరిచేసరికి అక్కనీ కోటునీ ఎక్కించుకున్న పడవ జెట్టీ వదిలేసింది.

*

కోటు తెలివైనవాడు. చుక్కాని పిడి కుడిచేత్తో పట్టుకుని, తాడు అక్కకి ఇచ్చాడు. ఎడమచెయ్యి జేబులోనే ఉంది. గాలి వాళ్ళకి ఎడమపక్కనుంచి కొడుతోంది. నేనూ ఎస్సైగారూ జెట్టీ చివర నిలబడ్డాం. మంచు తెరలు తెరలుగా వస్తూ పోతూ ఉంది. ఆ మంచులోంచి, వాళ్ళ కుడివైపునుంచి సూది పడవ బయటపడింది.

"కుడి!"

ఆ పిల్ల గొంతు నీళ్ళ మీద ఖంగుమంది. కోటు ఉలిక్కిపడ్డాడు.

"కుడి!"

"ఎవరి కుడి? నీదా, నాదా?" అని అరిచాడు కోటు. సర్రున కుడికి తిప్పేశాడు.

నా పక్కన ఎస్సై గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. నిన్న తను నవ్వి రాసుకోని మాట అది, పొల్లు పోకుండా.

సూది ముందే సిద్ధంగా ఉంది కాబట్టి చివరి క్షణంలో తన పడవని పక్కకి లాగేసుకుంది. అదే క్షణాన అక్క చేతిలోని తాడు వదిలేసి, "పట్టుకోండి!" అని కేకేసింది. ఎదురుగా తాడు గుంజుకుపోతుంటే ఎవరు మాత్రం ఆగుతారు? కోటు ఎడమచెయ్యి జేబులోంచి దూసుకొచ్చి తాడుని పట్టింది. పట్టీ పట్టగానే వాడు పెట్టిన కేక జెట్టీదాకా వచ్చింది. లెన్సులో చూస్తున్నాను. అరచేతికి అడ్డంగా, బొటనవేలి మొదలునుంచి చిటికెన వేలిదాకా, తోలు లేచిన ఎర్రటి చార.

"నిన్న రాత్రి బస్సు దిగినవాడికి నిన్న పొద్దుటి తాడు ఎలా కోసిందండీ?" అక్క గొంతు హాయిగా వినిపించింది. "మునగని పడవని మునిగిందని రాసింది మీరే కదా. కెప్టెన్‌గారు మర్యాదగా అడుగుదామని పిలిచి పడవెక్కించుకున్నారు. అంతేనా?"

కోటు వంగి కాళ్ళ దగ్గరున్న ఇనప లంగరు అందుకున్నాడు.

"అక్కా!" అని అరిచాను.

మంచు ఒక దుప్పటిలా వచ్చి వాళ్ళని కప్పేసింది. ఏమీ కనపడలేదు. ఏదో దబ్బుమన్న చప్పుడు. అంతలో మంచులోంచి అక్క కేక: "తమ్ముడూ! ఫొటో తీశావా?"

అప్పుడు చూసుకున్నాను. తియ్యలేదు. నోరెళ్ళబెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. మీట మీద వేలు పెట్టాను కానీ నొక్కలేదు.

"తీశానక్కా! బ్రహ్మాండంగా వచ్చింది!"

నా జీవితంలో అంత చక్కటి అబద్ధం ఇంకోటి ఆడలేదు. తర్వాత కోటు గొంతు, ఇప్పుడు నవ్వు లేకుండా: "ఆ కెమెరా నీళ్ళలో పారెయ్. చప్పుడు నాకు వినపడాలి. లేకపోతే మీ అక్కని కెప్టెన్ దగ్గరికే పంపిస్తా. అవతలి ఒడ్డు చేరాక వదిలేస్తాను."

ఎస్సై నా వైపు చూశాడు. అందులో ఒక్క ఫొటో లేదని ఆయనకేం తెలుసు! ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న లెన్సుతో సహా కెమెరాని ఎత్తి నీళ్ళలోకి విసిరేశాను. బుడుంగుమంది. పీడా పోయింది, మా అక్క దక్కితే అంతే చాలు.

"సంతోషం," అంది మంచు. పడవ కదిలిన చప్పుడు, జెట్టీ పక్కనుంచి వెళుతోంది. వాడికి ఎడమపక్క అఖాతం. కుడిపక్క, జెట్టీకి రాయి విసిరితే పడేంత దూరంలో, మోకాలిలోతు నీళ్ళలో దాక్కున్న ఇసుకతిప్ప. అది వాడికి తెలీదు. ఎస్సైకి తెలుసు. బూట్లు విప్పేసి, బేడీలు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి దిగాడు.

అవునూ, సూది ఏదీ?

మంచు ఒక్క క్షణం పలచబడింది. సూది పడవ చడీచప్పుడూ లేకుండా కోటు పడవకి ఎదురు వెళుతోంది. జెట్టీ మీది జెండా వైపు చూశాను, మళ్ళీ ఆ పిల్ల తెరచాప వైపు చూశాను. గాలి ఆమెకి ఎడమపక్కనుంది. దారి ఆమెది కాదు. ముప్పై ఏళ్ళలో ఈ నీళ్ళ మీద ఎవరూ చెయ్యకూడని పని ఒకటుంది, దాన్ని చెయ్యడానికి ఆమె నిండా ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది.

"కుడి!" అని అరిచింది సూది.

మళ్ళీ, గొంతు చీలిపోయేలా: "కుడి!"

మంచులోంచి హఠాత్తుగా ముక్కు ముందుకొచ్చిన పడవని చూసి కోటు బెదిరిపోయాడు. బెదిరినవాడికి మాట వినపడుతుంది కానీ అర్థం వినపడదు. ఈసారి ఎవరి కుడి అని అడగలేదు. పిడిని ఒక్క తోపు తోశాడు.

కుడికే తిప్పాడు.

పడవ అడుగు ఇసుకలో కరకరమని దిగబడింది. కోటు ఎగిరి ముందుకి పడ్డాడు. లంగరు చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. ఎస్సై అక్కడే ఉన్నాడు, మోకాళ్ళలోతులో. ఆ బేడీలు పడేసరికి వాడి ఎడమచెయ్యి మండి ఇంకో కేక పెట్టాడు.

అక్క నుదుటి మీద కొంచెం రక్తం. ఇసుకతిప్ప మీద నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "ఫొటో ఏదిరా?" అంది. నేను నీళ్ళవైపు చూపించాను. ఆవిడ నా ముఖం చూడగానే అసలు సంగతి కనిపెట్టేసి ఉంటుంది.

సూది తన పడవ దిగలేదు. తెరచాప వదిలేసి, రెండు చేతుల్లో తల పట్టుకుని కూర్చుంది. మేం నీళ్ళు తొక్కుకుంటూ దగ్గరికి వెళ్ళేసరికి తలెత్తింది.

"అబద్ధంగా అరిచానక్కా," అంది. "గాలి నాకు ఎడమపక్కనుంది. మావయ్య ఉంటే ఇంక నన్ను పడవ ఎక్కనివ్వడు."

అక్క ఆ పడవ అంచు పట్టుకుని, తడి చేత్తో ఆ పిల్ల జుట్టు ముఖం మీదినుంచి తీసింది.

"ఎక్కనిస్తాడు," అంది. "మమ్మల్ని ఒడ్డుకి చేర్చాలి కదా. జరుగు."